టమోటా యార్డులో నిద్ర

మదనపల్లె,
ఏప్రిల్ 16

ప్రియమైన ఆబిదా,

నువ్వు చెప్పినట్టే కాగితం మీద రాస్తున్నాను. "వాట్సాప్‌లో పెట్టిందల్లా సాయంత్రానికి మా జిల్లా ఆఫీసు గ్రూపులో తేలుతుంది" అన్నావు. కుప్పంలో శిశు సంక్షేమ ఆఫీసరువి నువ్వు, నీ భయాలు నీకుంటాయి. తిరుపతి హాస్టల్లో పోట్లాడుకున్నప్పుడు ఒకే గదిలో ఉంటూ చీటీలు రాసుకునేవాళ్ళం, గుర్తుందా? నలభై ఐదు దాటాక మళ్ళీ ఆ గతి పట్టింది.

మొన్న మా కాలేజీ న్యూట్రిషన్ అమ్మాయిల్ని వెంటబెట్టుకుని టమోటా యార్డుకు వెళ్ళాను. పెద్ద మార్కెట్ కాదు, పుంగనూరు రోడ్డులో కొందరు వ్యాపారులు కలిసి పెట్టుకున్న యార్డు. కూలికి వచ్చే ఆడవాళ్ళు ఏం తింటారు, ఎప్పుడు తింటారు అని చిన్న సర్వే. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. లారీలు, హారన్లు, హమాలీల కేకలు. ఆడవాళ్ళు వరుసలుగా కూర్చుని కాయల్ని రంగును బట్టి, సైజును బట్టి ఏరుతున్నారు. వాళ్ళ వెనక ఖాళీ క్రేట్లు. ఆ క్రేట్లలో పిల్లలు.

టమోటాలు పోసే ప్లాస్టిక్ క్రేటులో పాత చీర మడిచి వేసి, అందులో బిడ్డను పడుకోబెడతారు. ఎండ వచ్చేకొద్దీ క్రేటును నీడలోకి లాగుతారు, సరుకు లాగినట్టే. మా అమ్మాయి ఒకతె ఫోటో తీయబోతే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నాకే తెలియదు.

పెద్దతిప్పసముద్రం వైపు నుంచి వచ్చే కూలీల ముఠాకు సిద్ధమ్మ అనే ఆవిడ పెద్ద. ఆమెతో, పాఠం చెప్పే గొంతుతోనే, "పిల్లల్ని అంగన్‌వాడీలో వదలొచ్చు కదమ్మా" అన్నాను.

"వదలొచ్చు. అది తొమ్మిదికి తెరుస్తారు. మాకు ఆటో ఐదుకే వస్తాది. ఆ నడుమ బిడ్డ యాడుండల్ల? నువ్వు సెప్పు, ఆడ పెడతాం."

"పోనీ, ఈ యార్డు పక్క వీధిలో సెంటరు ఉంది కదా?"

"పోతిమి ఒగదినం. అదీ తొమ్మిదికే. పైగా మీ బిడ్డల పేర్లు ఈడ లేవు, మీ ఊర్లో ఉండాయి అనిరి. పేరు ఊర్లో ఉండాది, బిడ్డ ఈడుండాది. గుడ్డు మటుకు పేరే తింటాండాది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళుగా మొదటి ఐదేళ్ళ పోషణ గురించి బోర్డు మీద బొమ్మలు గీస్తున్నాను. ఆ ఐదేళ్ళు నా కాలేజీకి రెండు కిలోమీటర్ల దూరంలో క్రేటులో గడుస్తున్నాయి.

జూన్‌లో పుంగనూరుకు పిల్లల ఆరోగ్యం మీద అభిప్రాయాలు వినడానికి రాష్ట్ర కమిటీ ఒకటి వస్తుందట. అర్జీ పెడదామనుకుంటున్నాను. యార్డుల్లో, కూలి జనం గుమిగూడే చోట్లలో పొద్దున ఐదుకే తెరిచే శిశు కేంద్రాలు ఉండాలని, అది ప్రభుత్వ విధానంగానే రావాలని. ఎలా రాయాలో నువ్వు చెప్పాలి. నేను రాస్తే అది థీసిస్ అవుతుంది, నీకు తెలుసు.

ఒక్కటి మాత్రం ఆశ్చర్యం. అంత గోలలోనూ పిల్లలు ఎంత బుద్ధిగా నిద్రపోతున్నారో.

నీ ఉష


కుప్పం,
ఏప్రిల్ 27

ఏమే ఉషా,

ఇన్నేళ్ళకు నీకు కోపం వచ్చింది, సంతోషం. హాస్టల్లో సాంబారులో బొద్దింక వస్తే కూడా "వంటమనిషి వైపు నుంచి ఆలోచిద్దాం" అన్నదానివి.

సిద్ధమ్మ చెప్పింది అక్షరాలా నిజం. మా లెక్కలో బిడ్డ ఇల్లు ఎక్కడుంటే బిడ్డ అక్కడ ఉన్నట్టు. యార్డులో ఇళ్ళు లేవు కాబట్టి అక్కడ పిల్లలు లేరు. మా వాళ్ళు ఊర్లో సర్వేకి వెళ్ళేసరికి ఇంటికి తాళం, పిల్ల ఊర్లోనూ లేదు. ఇటు గుడుపల్లె నుంచి ఆడవాళ్ళు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు వైపు పనికి పోతారు. ఆ పిల్లలూ అంతే. ఏ ముసలమ్మ కొంగుకో కట్టేసి పోతారు. నేను ఆఫీసరుగా వాళ్ళ బరువు తూచడానికి వెళ్ళేసరికి పదకొండవుతుంది. తూచి, రాసుకుని వస్తాను. అదీ నా ఉద్యోగం.

అర్జీలో కొత్త కేంద్రం కావాలని అడగొద్దు. "నిధులు లేవు" అనే జవాబు కంప్యూటర్లో రెడీగా ఉంటుంది, పేరు మార్చి పంపుతారు. వేళలు మార్చమని అడుగు. ఉన్న సెంటరునే ఐదున్నరకు తెరవాలి, రెండో మనిషిని వేయాలి, ఏ ఊరి బిడ్డయినా వచ్చిన చోట అన్నం పెట్టాలి. దానికి కొత్త గోడలు అక్కర్లేదు, ఒక సంతకం చాలు. వాళ్ళకు సంతకం పెట్టడం కూడా కష్టమే అనుకో.

నీ ఉత్తరంలో చివరి మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. రెండేళ్ళ బిడ్డ లారీ హారన్ల మధ్య బుద్ధిగా నిద్రపోతోందా? మా అక్క మనవడు పక్కింట్లో మిక్సీ వేస్తే లేస్తాడు. ఇంకోసారి వెళ్ళు. అమ్మాయిల్ని, కాగితాల్ని వదిలేసి ఒక్కదానివే వెళ్ళు.

ఆబిదా


మదనపల్లె,
మే 9

ఆబిదా,

ఇది నా స్నేహితురాలికి రాస్తున్నాను, కుప్పం ఆఫీసరుకు కాదు. చదివాక ఏం చేస్తావో నీ ఇష్టం.

ఆటోలు వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. సిద్ధమ్మ కోడలు యమున, ఇరవై రెండేళ్ళుంటాయేమో, రెండేళ్ళ కూతుర్ని చంకనేసుకుని దిగింది. పాప పేరు జాహ్నవి. కళ్ళు నులుముకుంటూ నా చీర మీది పువ్వు పట్టుకు లాగింది, నవ్వింది. యమున సంచిలోంచి సీసా తీసింది. మూతలో పోసింది. పాప నోరు తెరిచి, అలవాటుగా, చప్పరించి తాగేసింది. అది జలుబు మందు. జలుబు లేదు. నేను చాయ్ తాగి వచ్చేసరికి పాప క్రేటులో ఉంది. నా చీర లాగిన ఆ చెయ్యి క్రేటు బయటికి వేలాడుతోంది, పట్టుకుని ఊపినా కదల్లేదు.

వరుసంతా చూశాను. అందరిదీ ఒకటే మందు. పిల్లలు ఏడిస్తే, క్రేట్ల మధ్య నడిస్తే, కూలీలను కుదిర్చే మేస్త్రీ మరుసటి రోజు నుంచి ఆటోలో ఎక్కించుకోడు.

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. యమునను అందరి ముందూ తిట్టాను. తల్లివేనా అన్నాను. ఊపిరి ఆగిపోతే ఎవరిది పూచీ అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని కాయలు ఏరుతూనే ఉంది. తల ఎత్తకుండానే అడిగింది:

"మీరు కాలేజీలో పాఠం సెప్పేటప్పుడు మీ బిడ్డను ఎవురు ఎత్తుకోని ఉండిరి మేడమ్?"

నా దగ్గర జవాబు ఉంది, అదే బాధ. నా కూతుర్ని మా ఇంట్లో పనిచేసిన శాంతమ్మ ఎత్తుకుంది, ఆరేళ్ళు. శాంతమ్మకు ఇంట్లో చంటిబిడ్డ ఉండేది. దాన్ని ఎవరు ఎత్తుకున్నారో నేను ఒక్కనాడూ అడగలేదు.

సిద్ధమ్మ నన్ను పక్కకు పిలిచింది. "దాన్ని అంటావేమి తల్లీ. నేను ఇచ్చినాను నా కొడుక్కి, వాళ్ళు ఇస్తాండారు. డాక్టరు ఇచ్చిండే మందే. ఏడిసే బిడ్డను యాడ ఇడిసిపెట్టాలో సెప్పకుండా మందు పొయ్యొద్దంటే ఎట్ల?"

ఇప్పుడు నా సందేహం. ఈ సంగతి అర్జీలో రాయాలా? రాస్తే కమిటీ కదులుతుంది. వేళలు, రెండో ఆయా అంటూ రాసుకుంటూ పోతే ఎవరూ చదవరు, పసిపిల్లలకు మత్తు అంటే చదువుతారు. కానీ రాస్తే యమున ఏమవుతుంది? రాయకపోతే జాహ్నవి ఏమవుతుంది? మూడు రోజులుగా ఇదే. రాస్తాను, కొట్టేస్తాను.

ఉష


పుంగనూరు,
మే 18

ఉషా,

ఆదివారమని అమ్మీ దగ్గరికి వచ్చాను. నీ ఉత్తరం నాతోనే ఉంది.

రాయొద్దు. ఒక ఆఫీసరుగా చెబుతున్నాను. మా ఆఫీసులకు రెండే పనులు తెలుసు. లెక్కపెట్టడం, నిషేధించడం. నువ్వు మత్తు అని రాస్తే వాళ్ళు వేళల గురించి చదవరు. మత్తును నిషేధిస్తారు, అంటే తల్లుల్ని నిషేధిస్తారు.

ఇంకో మాట. రాత్రి అన్నం దగ్గర అమ్మీతో ఈ సంగతి చెప్పాను, పేర్లు లేకుండా. ఇదేం తల్లులు అంటుందనుకున్నాను. అమ్మీ రొట్టె తుంచుతూనే, "నీకేం పోసినామనుకున్నావు?" అంది. మా ఇంట్లో పట్టు తీసేవాళ్ళని నీకు తెలుసు కదా. పట్టుగూళ్ళు ఉడికే నీళ్ళ పక్కన నేను పాక్కుంటూ వెళ్తే చెయ్యి కాలుతుందని, పాలలో జాజికాయ అరగదీసి పట్టేదట. సాయంత్రం దాకా లేచేదాన్ని కాదట. "అల్లా దయ, లేస్తూ వచ్చినావు" అంది. ఆఫీసరునయ్యాను కాబట్టి జాజికాయ మంచిదే అనుకోవాలా?

హియరింగుకు మమ్మల్నందర్నీ రమ్మన్నారు. నేను ఆఫీసర్ల వరుసలో ఉంటాను. నన్ను పలకరించొద్దు. నీ అర్జీ వెనక నేనున్నానని తెలిస్తే అర్జీకీ నష్టం, నాకూ నష్టం.

ఆబిదా


మదనపల్లె,
జూన్ 29

శ్రీమతి ఆబిదా గారికి,

అవును, గారే. మీరు చెప్పినట్టే నేను పలకరించలేదు. మీరు నన్ను తెలియనట్టే కూర్చున్నారు, చాలా బాగా కూర్చున్నారు.

హియరింగు పెట్టిన ఆ కల్యాణ మండపంలో నేను నీ సలహా ప్రకారమే మాట్లాడాను. వేళలు, రెండో మనిషి, ఏ ఊరి బిడ్డయినా. కమిటీ మధ్యలో కూర్చున్న ఆయన జీడిపప్పు తింటూ, "మేడమ్, ఐదుకే తెరవమంటే వర్కర్లు యూనియన్ పెడతారు. మరీ అంత అవసరమేముంది? పిల్లలు ప్రశాంతంగా నిద్రపోతున్నారని మీ రిపోర్టులోనే ఉంది" అన్నాడు. అర్జీకి జతచేసిన సర్వే రిపోర్టులో నేను రాసిన వాక్యమే. తీసేయడం మరిచిపోయాను.

అప్పుడు వెనక నుంచి సిద్ధమ్మ లేచింది. ఆమెను రమ్మన్నది నేనే.

"నిద్ర కాదు సార్. మందు పోస్తాండాం. మేడమ్‌కి మా మీద జాలి, సెప్పల్యా. నేను సెప్తాండా. పొయ్యకపోతే పని ల్యా. మీరు ఐదుకే తలుపు తీస్తే, ఆ దినమే సీసా పారేస్తాం. మాకు మాత్రం ముద్దా ఆ మందు?"

ఆమె ఏమీ దాచుకోలేదు. అడిగినవాళ్ళకు నిజం చెబితే సాయం చేస్తారని నమ్మింది. జీడిపప్పు ఆయన తినడం ఆపాడు, ఏదో రాసుకున్నాడు. నేను నీ వైపు చూశాను. ఆ గదిలో ఆమె చెప్పింది నిజమేనని, ఇది కుప్పం రైలు దగ్గరా ఉందని, పాతికేళ్ళ సర్వీసు నోటితో చెప్పగలిగింది నువ్వొక్కదానివి. నువ్వు ఫ్యాన్ వైపు చూశావు.

వారం దాటకుండానే ఫలితం వచ్చింది. యార్డు గేటుకు పసుపు బోర్డు వేలాడదీశారు: "ఐదేళ్ళ లోపు పిల్లలతో వచ్చే కూలీలకు ప్రవేశం లేదు." కింద చిన్న అక్షరాల్లో, "పిల్లల ఆరోగ్య భద్రత దృష్ట్యా." యార్డు మేనేజరు నాగరాజును అడిగితే, "పైనుంచి చెప్పినారు మేడమ్. మీరు అడిగిందే గదా, పిల్లల ఆరోగ్యం?" అన్నాడు. వెటకారం కూడా కాదు. నిజంగానే నేను సంతోషిస్తాననుకున్నాడు.

ఆబిదా, ఆ బోర్డు ఎవరు రాశారో నాకు తెలియదు. ఆ మాటలు మాత్రం నా అర్జీలోవే.

ఇట్లు,
ఉషారాణి


కుప్పం,
జూలై 6

లెక్చరర్ ఉషారాణి గారికి,

నిషేధిస్తారని మే నెలలోనే రాశాను. సిద్ధమ్మను తీసుకొచ్చింది మీరు.

ఫ్యాన్ వైపు చూసింది నిజమే. నేను లేచి ఉంటే ఆ సాయంత్రానికే నాకు ఏ కొండకో బదిలీ, గుడుపల్లెలో మా వాళ్ళు చాటుగా ఆరుకే తెరుస్తున్న రెండు సెంటర్లకు తాళం. వాటి సంగతి మీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఉత్తర్వు లేకుండా తెరిపిస్తున్నాను. ఎవరైనా అడిగితే నా ఉద్యోగం పోతుంది. ధైర్యం ఒక్కోళ్ళకు ఒక్కోచోట ఉంటుంది.

ఇంతకంటే రాయను.

ఆబిదా


మదనపల్లె,
జూలై 31

ఆబిదా,

నీ మీద కోపం ఉందో లేదో చూసుకునే తీరిక లేదు. జరిగింది రాస్తాను.

బోర్డు పెట్టాక యమున జాహ్నవిని ఇంట్లో పెట్టి తలుపు గొళ్ళెం వేసి రావడం మొదలుపెట్టింది. యార్డులో అయితే మధ్యలో లేస్తే చూసుకోవచ్చు. ఇంట్లో అయితే తాను తిరిగి వచ్చేదాకా లేవకూడదు. అందుకని మూత మందు రెండు మూతలయింది. పోయిన వారం మంగళవారం సాయంత్రం ఇంటికి వెళ్తే పాప లేవలేదు. నీళ్ళు చల్లినా లేవలేదు. ఆటోలో మదనపల్లె ఆసుపత్రికి తెచ్చారు. నాకు ఫోన్ చేసింది సిద్ధమ్మ. నేను వెళ్ళేసరికి నర్సు యమునను వరండాలో నిలబెట్టి అడుగుతోంది: "ఎవరు పోసినారు? ఎంత పోసినారు? తల్లివేనా నువ్వు?"

నా మాటే. మే నెలలో నేనన్న మాటే. నేను ఆ నర్సు చెయ్యి పట్టుకుని, "ఆమెను కాదు, నన్ను అడగండి" అన్నాను. నర్సుకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దునకు పాప కళ్ళు తెరిచింది. బతికింది ఆబిదా. ముందది చెప్పి ఉండాల్సింది, క్షమించు. పిల్లల ఆరోగ్య భద్రత దృష్ట్యా పెట్టిన బోర్డు ఒక పిల్లను దాదాపు తీసుకుపోయింది. అయినా బోర్డు అట్లాగే ఉంది, ఎండకు రంగు కూడా వెలిసిపోలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు సిద్ధమ్మ యార్డులోని అన్ని ముఠాల ఆడవాళ్ళనీ కూర్చోబెట్టింది. నేను పక్కన ఉన్నాను, ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? "రేపు ఒగరూ మందు పొయ్యొద్దు" అంది ఆమె. "బిడ్డల్ని ఎత్తుకోని పోదాం. గేటు లోపలికి రావొద్దన్నారు, పోము. గేటు కాడ కూసుందాం."

కూర్చున్నారు. లోపల కాయలు ఏరేవాళ్ళు లేరు. హమాలీలు, మేస్త్రీలే వంగి చేతనైనంత ఏరుతున్నారు. నిద్ర చాలని పిల్లలు, ఆకలేసిన పిల్లలు, నెలల తరబడి ఆ వేళలో మెలకువ అంటే ఏమిటో తెలియని పిల్లలు. ఒకరు మొదలుపెడితే అందరూ అందుకున్నారు. అంత ఏడుపు నేనెప్పుడూ వినలేదు. వేలంపాట మొదలైంది. పాట పాడేవాడు నిచ్చెన మెట్టెక్కి గొంతు చించుకుంటున్నాడు. తమిళనాడు నుంచి వచ్చిన వ్యాపారి చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఎంత? ఎంత?" అంటున్నాడు. ఒకే సరుకును ఇద్దరికి పాడేశారు, కొట్టుకునేదాకా వచ్చింది.

నాగరాజు పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా ఇది? నోర్లు మూయించండి."

"ఎట్ల మూయించాలప్పా?" అంది సిద్ధమ్మ. "మందు పోసేకి ల్యా గదా. బోర్డు ఉండాది సూడు, ఆరోగ్యమంట."

ఎవరో నవ్వారు. నాగరాజు కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. రెండో రోజు వేలం ఆలస్యమైంది, మూడో రోజు లారీలు పక్క యార్డుకు మళ్ళాయి.

నేనెక్కడున్నానని అడుగుతావు. రోడ్డుకు అవతల, టీ కొట్టు దగ్గర. కాలేజీ పేరు వస్తుందేమోనని. ఫ్యాన్ కాదు గానీ, నేనూ ఒక దాని వైపు చూస్తూ నిలబడ్డాను.

ఉష


మదనపల్లె,
ఆగస్టు 20

ఆబిదా,

ఉత్తర్వు వచ్చింది. యార్డులో తాళం వేసి ఉండే రైతుల విశ్రాంతి గదిలో పొద్దున ఐదున్నరకే అంగన్‌వాడీ, ఇద్దరు మనుషులు, ఏ ఊరి బిడ్డయినా. నీ ఏప్రిల్ ఉత్తరంలో ఉన్నదంతా అందులో ఉంది. పసుపు బోర్డు తీసేశారు. స్వీట్లు పంచాలి కదా? ఉత్తర్వు కాపీ చదివి బల్ల మీద విసిరికొట్టాను.

కారణం ఏమని రాశారో తెలుసా? "పిల్లల వలన వేలం ప్రక్రియకు, వ్యాపార లావాదేవీలకు కలుగుతున్న అంతరాయాన్ని నివారించుటకై." అంతే. జాహ్నవి ఆసుపత్రిలో పడుకోవడం లేదు. మందు లేదు. ఆకలి లేదు. మొత్తం కాగితంలో పిల్లలు ఒకే ఒక్కచోట ఉన్నారు, అదీ అంతరాయంగా. టమోటాకు అడ్డొచ్చారు కాబట్టి గది ఇచ్చారు. ఎండకు కాయలు చెడిపోతాయంటే రేకులు వేస్తారు చూడు, అట్లా.

పైగా "ప్రస్తుత సీజను ముగియు వరకు." అక్టోబరులో పిల్లలు ఉండరా? ఏ నీచుడు రాసి ఉంటాడో ఆ వాక్యం, దొరికితే ముఖం మీద అడగాలని ఉంది.

ఉష


కుప్పం,
ఆగస్టు 26

ఉషా,

అడుగు. రాసింది నేనే.

వ్యాపారులు జిల్లాలో మొర పెట్టుకున్నారు. మా జిల్లా ఆఫీసు పెద్దాయన నన్ను పిలిపించాడు, నోట్ రాయడం నాకు వస్తుందని. ఆయనకు మన స్నేహం తెలియదు. మొదట రాసిన నోట్‌లో అన్నీ రాశాను. రెండేళ్ళ పాప అపస్మారకంలో ఆసుపత్రిలో చేరిందని, తల్లుల తప్పు లేదని, రాష్ట్రమంతా కూలి చోట్లలో, రైల్వే స్టేషన్లలో ఇదే అవసరమని. జాజికాయ ఒక్కటే రాయలేదు. ఆయన చదివి, "ఇది పైకి పోతే పాప కేసు అవుతుంది, మనందరి మెడకూ చుట్టుకుంటుంది" అని వెనక్కిచ్చాడు. రెండోసారి పాపను తీసేసి, పోషణ గురించి రాశాను. "బడ్జెట్ ఏది?" అన్నాడు. వెనక్కి.

అక్కడే, ఆయన గది బయట బెంచీ మీద కూర్చుని, ఆ వాక్యం రాశాను. రాస్తుంటే చెయ్యి ఆగలేదు. దానికే ఇప్పుడు ఏడుపొస్తోంది. ఆయన నిలబడే సంతకం పెట్టాడు. సీజను ముగిసే వరకు అన్న మాట మాత్రం ఆయన సొంతంగా కలిపాడు.

పాతికేళ్ళుగా పిల్లల మాట రాసిన నోట్లన్నీ అలమరల్లో ఉన్నాయి. టమోటా మాట రాసింది ఒక్కటే తలుపు తెరిచింది. నువ్వు నన్ను నీచురాలన్నావు. నేను కాదనను. కానీ నాకంటే నీచం, నా చేత అట్లా రాయించుకునేది. నీ కోపం నా దగ్గర ఆపేయకు, ఇంకా పైకి పోనీ.

గుడుపల్లె సెంటర్లు ఇంకా చాటుగానే నడుస్తున్నాయి. రైలుకు ఆలస్యమవుతోందని ఏ వ్యాపారీ మొర పెట్టుకోలేదు మరి.

ఆబిదా


మదనపల్లె,
సెప్టెంబరు 7

ప్రియమైన ఆబిదా,

నీ ఉత్తరం వచ్చాక చాలా రోజులు జవాబు రాయలేకపోయాను. నీచుడు అన్నమాట వెనక్కి తీసుకోవాలా వద్దా అని తూచుకుంటూ కూర్చున్నాను, నా అలవాటు ప్రకారం. ఇంతవరకు తేలలేదు. ఆ వాక్యాన్ని నేను క్షమించను. అది రాయకపోయి ఉంటే నిన్ను కూడా క్షమించేదాన్ని కాదు.

ఈ పొద్దున ఐదున్నరకు యార్డుకు వెళ్ళాను. గది తెరిచి ఉంది. మునిలక్ష్మమ్మ అనే ఆయా గుమ్మంలో నిలబడి ఒక్కో బిడ్డనూ అందుకుంటోంది. జాహ్నవి యమున మెడ పట్టుకుని వదలనంటుంది. కాళ్ళు తన్నుకుంటూ, ముక్కు కార్చుకుంటూ, యార్డంతా వినిపించేట్టు ఏడుస్తోంది. యమునకూ ఏడుపు ఆగడం లేదు.

"ఏడ్సనీలేవే," అంది సిద్ధమ్మ కోడలి భుజం తట్టి. "దీనికి గొంతుండాదని ఇప్పుడు గదా తెలిసేది."

యమున పాపను అప్పగించి కాయల దగ్గరికి నడిచింది. సంచిలోంచి అన్నం డబ్బా తీస్తుంటే సీసా కనిపించింది. మూత బిగించి ఉంది, సగం నిండి ఉంది. నేను చూడటం ఆమె చూసింది.

"పోస్తాలేను మేడమ్, ఒట్టు," అంది. "కానీ గది సీజనుదాకే గదా. తర్వాత ఈ టమోటా పనే కాకపోతే ఇంకో పనికి పోతాం. ఆడ గది ఉంటాదా?"

పారేయమని చెప్పడానికి నోరు తెరిచాను. ఏ ధైర్యంతో చెప్పను? ఉత్తర్వు కాపీ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది, చివరి వాక్యంతో సహా. ఆమె సీసాను జాగ్రత్తగా చీర మడతలో చుట్టి సంచి అడుగున పెట్టుకుంది.

కొత్త అర్జీ మొదలుపెట్టాను. యార్డు ఒక్కటే కాదు, నీ రైలు స్టేషను, పట్టుగూళ్ళు ఉడికే పొయ్యి, ఎక్కడ తల్లి చేతులకు పని ఉంటే అక్కడ. ఇందులో జాహ్నవి ఉంటుంది, మందు ఉంటుంది, సిద్ధమ్మ చెప్పమంది కాబట్టి ఆమె పేరూ ఉంటుంది. టమోటా మాట ఉండదు. ఇది అలమరలోకే పోతుందంటావు. పోనీ.

సీజను అయిపోయిందని ఆ గదికి మళ్ళీ తాళం వేసిన రోజు వాళ్ళు గేటు దగ్గర కూర్చుంటారు. సిద్ధమ్మ ఇప్పుడే చెప్పేసింది. నేనూ కూర్చుంటాను, ఈసారి రోడ్డుకు ఇవతల.

నీ ఉష